డాక్టరుగారు దిగనంటున్నారు

ఇంజను లేని విమానం, అదే గ్లైడరు, నడిపే లైసెన్సుకి కావలసినవన్నీ పళ్ల డాక్టరు బొడ్నార్‌కి ఉన్నాయి, ఒక్కటి తప్ప. రాత పరీక్షలు ప్యాసయ్యాడు. కళ్లూ గుండే గట్టివేనని కాగితం తెచ్చుకున్నాడు. వెనక సీట్లో గురువు పిరోష్కా కూర్చుంటే విమానాన్ని దూదిపింజలా దింపుతాడు. ఇక ఒంటరిగా ఎగరడమే మిగిలింది. ఆ మాటెత్తితే చాలు, నెరిసిన మీసం దువ్వుకుని, "ఇవాళ గాలి బాగాలేదమ్మా" అంటాడు. గాలితో ఆయనకేం పేచీ లేదు. మా హంగేరీ క్లబ్బుల్లో తొలిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాణ్ణి వంగోబెట్టి, సభ్యులంతా వరసగా పిర్రమీద తలా ఒకటి చరుస్తారు. పైలటుకి గాలి కదలిక ముందు తెలియాల్సింది సీటుకి ఆనే ఆ చోటేనట. ఆ సభ్యుల్లో ఆయన కుర్చీలో నోరు తెరవనివాడు లేడు. పట్టకారు పట్టుకుని అందరికీ ఆయన చెప్పేది ఒకటే: "నొప్పేం ఉండదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే!"

మొన్న ఆదివారం పిరోష్కా వెనక సీట్లోంచి దిగిపోయి, "ఇక మీరే వెళ్లండి" అని అద్దాల మూత వేసేసింది. ఆయన ఎగిరాడు. అద్భుతంగా ఎగిరాడు. దిగడమే మానేశాడు. ఆయన గద్దలతో పాటు గిరికీలు కొడుతుంటే కింద వరస పెరుగుతోంది. బేకరీ మార్గిత్ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి, అప్పటికప్పుడు క్లబ్బులో సభ్యత్వం తీసుకుంది.

"ఇది పైపైకే పోతోంది పిరోష్కా, నన్నేం చెయ్యమంటావ్?" అంది రేడియోలో డాక్టరుగారి గొంతు.

పిరోష్కా దవడ పన్ను పోయిన చోటు నాలుకతో తడుముకుని, మైకు అందుకుంది.

"దిగండి డాక్టరుగారూ," అంది మెత్తగా. "నొప్పేం ఉండదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే!"