పిడుగురాయి కదిలిన చోటు

వరహాలమ్మకు నోరెక్కువని ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళోని పర్సుడీహ్ బస్తీలో తెలియనివాళ్ళు లేరు. ఆమె సందు మలుపు తిరిగిందంటే చాలు, కూరగాయల బండివాడు తూకం ఇంకోసారి చూసుకుంటాడు. అలాంటి మనిషి అసలు విప్పాల్సిన చోట నోరు విప్పకపోతే ఎంత ముప్పు వచ్చిందో చెప్తాను, వినండి.

ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి కూర్మారావు పెళ్ళాంగా ఈ ఊరొచ్చింది. కాంట్రాక్టు పనుల్లో రేజాగా, అంటే ఆడకూలీగా, ఏళ్ళ తరబడి ఇటుకలు మోసింది. మోకాళ్ళు మొరాయించాక, మాంగో పేట దాటి సువర్ణరేఖ నది ఒడ్డున పాతకాలపు మనుషుల జాడలు వెతికే తవ్వకంలో కూలికి కుదిరింది. అన్నేళ్ళు మట్టి మోసినదాన్ని, మట్టి గీకడం నాకో లెక్కా అనుకుంది. తీరా చేరాక తెలిసింది, ఇక్కడ మట్టిని తవ్వరు, నిద్రపోయే పసిబిడ్డ మీంచి దుప్పటి తీసినట్టు తీస్తారని.

ఆ పనికి ఒకటే కట్టుబాటు. దొరికినదాన్ని కొలిచి, బొమ్మ గీసేదాకా చోటు కదపకూడదు. తవ్వకం చూసే అధికారి రోహిణి ఈ పక్కనే జుగ్సలాయిలో పుట్టిన పిల్లే. వస్తువు ఎలా పడి ఉంది, పక్కన ఏముంది అన్నదాన్ని బట్టే దాని కథ తెలుస్తుందని, చోటు తప్పిస్తే అది మూగదైపోతుందని మొదటిరోజే చెప్పింది. ఆ మాట వరహాలమ్మకు వేదమైపోయింది. ఒక కూలీ చెప్పుకాలితో కుండపెంకును కదిపితే, ఆ రోజంతా అతనికి మజ్జిగ కూడా పోయలేదు.

చుట్టుపక్కల బస్తీల వాళ్ళంతా వచ్చి చూడాలని రోహిణి కోరిక. మన కాళ్ళకింద ఉన్నది మనకే తెలియకపోతే ఎలా అనేది. అందుకని ఒక ఆదివారం అందరినీ రమ్మని చాటించింది. సరిగ్గా ముందురోజు సాయంత్రం గుంటలో పగిలిన కుండ పక్కన రెండు నున్నటి రాళ్ళు బయటపడ్డాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వేల ఏళ్ళనాటి గొడ్డళ్ళు. ఎవరైనా దాచుకున్నారా, చచ్చిపోయినవాళ్ళ పక్కన పెట్టారా అన్నది అవి పడి ఉన్న తీరే చెప్పాలి. జనం కూడా వాటిని ఉన్నచోటే చూడాలని, బొమ్మ గీయడం సోమవారానికి వాయిదా వేసింది రోహిణి.

"మనవాళ్ళకి నువ్వే చెప్పు పిన్నీ," అంది. "పిడుగురాళ్ళు కావు, మనుషులు నూరి చేసుకున్న గొడ్డళ్ళు అని."

వరహాలమ్మ తలూపింది గానీ, అచ్చం అలాంటిదే ఆమె ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది. కొత్తకోడలిగా వచ్చిన ఏడు, కాలబైశాఖి గాలివానకు రేకుల ఇల్లు ఊగిపోతుంటే, అత్తగారు ఆ రాయిని ఆమె ఒళ్ళో పెట్టి దగ్గరకు తీసుకుంది. పిడుగుతోపాటు ఆకాశం నుంచి పడిన రాయి ఇది, ఇదున్నచోట ఇంకో పిడుగు పడదు అని చెప్పింది. పుట్టింటి నుంచి ఇంతదూరం వచ్చిన పిల్లకు ఆ రాత్రి దొరికిన ధైర్యం అదొక్కటే. దాన్ని గొడ్డలి అనడానికి నోరు ఎలా వస్తుంది?

ఆదివారం పొద్దున్నే ఆడపడుచు నూకమ్మ బస్తీ ఆడవాళ్ళను వెంటేసుకుని దిగింది. నూకమ్మ కూర్మారావుకు అక్క. ఆమె మాటకు బస్తీలో ఎదురులేదు. గుంటలోకి తొంగిచూసి, చెంపలు వేసుకుంది.

"ఏటే వరాలూ, ఇది మన పిడుగురాయి కాదేటి?"

అటు రోహిణి, ఇటు వదిన. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "అదే వదినా," అనేసింది వరహాలమ్మ. అడ్డదిడ్డంగా ఎంతమందితోనో పోట్లాడిన నోరు ఆ ఒక్క మాట దగ్గర చచ్చుబడింది.

ఇంకేముంది, నూకమ్మే అందరికీ చెప్పడం మొదలెట్టింది. తెలుగువాళ్ళకు తెలుగులో, మిగతావాళ్ళకు హిందీలో. మధ్యాహ్నానికి గుంట గట్టుమీద పూలు, పసుపు చేరాయి. వరహాలమ్మ అవన్నీ చూస్తూ, రోహిణి కంటపడకుండా తిరిగింది.

మూడు దాటాక పడమటివైపు ఆకాశం నల్లబడింది. గాలి దుమ్ము లేపింది. నది అవతల మెరుపు, వెంటనే ఉరుము. రోహిణి మైకు పట్టుకుని అందర్నీ ఊరి బడిలోకి వెళ్ళమంది. సగంమంది పరుగెత్తారు. కానీ నూకమ్మ, ఆమెతో వచ్చినవాళ్ళు గుంటమీద వేసిన రేకుల పందిరికిందకు చేరారు. ఇంటికన్నా గుడి పదిలం అన్నట్టు, ఇనప గొట్టాలకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళ ధీమా చూసి, బడివైపు వెళ్ళినవాళ్ళలో కొందరు పిల్లలతో సహా వెనక్కి వచ్చారు. రోహిణి బతిమాలింది, అరిచింది. ఎవరూ కదల్లేదు.

వరహాలమ్మ పందిరివైపు పరుగెత్తింది. చుట్టూ ఎక్కడా చెట్టు లేదు. ఎత్తుగడ్డమీద ఉన్నది ఆ ఇనప పందిరి ఒక్కటే. పొద్దున తను అన్న ఒక్క మాటే ఇంతమందిని దానికింద నిలబెట్టింది.

"వదినా, అది పిడుగురాయి కాదు, గొడ్డలి. మడుసులు సేసింది. పదండి, ఎలిపోదాం."

నూకమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "పొద్దున్న అదేనన్నావు. ఇప్పుడు కాదంతన్నావు. నీ ఏ మాట నమ్మమంతావే?"

మళ్ళీ మెరిసింది. ఈసారి మెరుపుకూ ఉరుముకూ మధ్య ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. ఒక పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు.

వరహాలమ్మ గుంటలోకి దిగింది. మోకాళ్ళమీద కూర్చుని, పెద్దరాయి చుట్టూ రెండు చేతుల వేళ్ళూ మట్టిలోకి గుచ్చింది. ఏం చేయబోతోందో రోహిణికి అర్థమైంది.

"పిన్నీ, మత్ ఉఠావో, తీయొద్దు."

వరహాలమ్మ తలెత్తలేదు. పెకలించింది. దాన్ని ఆనుకున్న కుండపెంకు పటుక్కున విరిగింది. ఆ చప్పుడు ఉరుముకన్నా గట్టిగా వినబడింది ఆమెకు. రాయిని కొంగులో చుట్టుకుని, గట్టెక్కి, వెనక్కి చూడకుండా బడివైపు నడిచింది.

"అమ్మోరిని ఎక్కడికి అట్టుకెల్తన్నావే?" అంటూ నూకమ్మ వెంటపడింది. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు, మగాళ్ళు. ఆఖరున రోహిణి. మాటకు కదలని జనం రాయి కదిలితే కదిలారు.

అందరూ బడి వరండా ఎక్కారో లేదో, కళ్ళు బైర్లుకమ్మే వెలుగు, చెవులు గింగురుమనే మోత. తేరుకుని చూస్తే పందిరి రేకు ఒకటి లేచిపోయి ఉంది. నూకమ్మ ఆనుకున్న గొట్టం నల్లగా మాడిపోయింది.

నూకమ్మే ముందు తేరుకుంది. వరహాలమ్మ కొంగులోని మూటకు దండం పెట్టి, చూశారా, రాయే మనల్ని కాపాడిందని అందరికీ చెప్పింది.

ఊరుకుంటే సరిపోయేది. అందరూ బతికారు, వదిన మాటా నెగ్గింది. కానీ పొద్దున్న నిజం చెప్పకుండా ఊరుకోబట్టే ఇంతదాకా వచ్చిందని వరహాలమ్మకు తెలుసు.

"వదినా, గుంటలో రెండు రాళ్ళున్నాయి. నాను ఒకటే తెచ్చినాను. రెండోది అక్కడే ఉన్నాది. పిడుగు ఆడే పడ్డాది."

కొంగు విప్పి, రాయిని నూకమ్మ చేతిలో పెట్టింది. ఆమె బొటనవేలు పట్టుకుని, నున్నగా అరిగిన చోట ఆనించింది. వేలు అక్కడ కుదురుకుని కూర్చుంది. మన అమ్మమ్మల అమ్మమ్మలకంటే ముందు, ఎవరో ఇక్కడే వేలు పెట్టి పట్టుకున్నారని చెప్పింది వరహాలమ్మ. నూకమ్మ వాన వెలిసేదాకా ఆ రాయిని చేతిలోంచి దించలేదు.

మర్నాడు గుంటలో నీళ్ళు తోడితే, చిన్నరాయి ఉన్నచోటే ఉంది. పెద్దరాయి ఉండాల్సిన చోట బురదగుంట. రోహిణి చిన్నదాని బొమ్మ గీసుకుంది. ఎవరికీ ఏం కాలేదుగా పిన్నీ, అని మాత్రం అని మొహం తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండునని వరహాలమ్మ ఆ రోజంతా ఏడ్చింది.

ఇప్పుడా రాళ్ళు ఆ బడిలోనే ఒక గదిలో ఉన్నాయి. ఆదివారాలు చూడటానికి వచ్చినవాళ్ళకు వరహాలమ్మ చెప్తుంది, గొడ్డళ్ళు అనే చెప్తుంది. పిల్లల వేళ్ళు పట్టుకుని, అరిగిన చోట ఆనిస్తుంది. వాళ్ళలో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, ఈ పెద్దది ఎవరైనా దాచుకున్నదా, చచ్చినవాళ్ళతో పెట్టిందా అని.

"అది ఇంకెవలూ సెప్పలేరు, బాబూ. దాని సోటులోంచి నానే పీకీసినాను."

ఎందుకు పీకావని పిల్లలు అడుగుతారు. అప్పుడు వరహాలమ్మ తల దించుకుంటుంది. ప్రతి ఆదివారం ఆమెతోపాటే వచ్చి గుమ్మం దగ్గర కూర్చునే నూకమ్మ జవాబు చెప్తుంది.

"మేం కదల్నేదు. అందుకు."