తల తడిసిన వాళ్ళకే

ఈ ఉదయం ఆరూ పదికి కూరకని సొరకాయ తరగబోతే కత్తి దిగలేదు. కాయ ముదిరిపోయింది. గట్టిగా నొక్కి చీలిస్తే లోపల బెండుబారిన కండ, పండిన గింజలు, వాటితోపాటు ఎండుతున్న గడ్డి వాసన. నాకది కూర వాసన కాదు, ఈత వాసన. నాన్న పోయిన ఏడాదికి, రాయచూరులో ఈ వంటింట్లో నిలబడి, నేను మళ్ళీ ఊళ్ళో పిల్లల మీద కుళ్ళుకున్నాను.

మాది గోరేబాళ దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర కాలువ కింద వరి పండిద్దామని గుడివాడ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు నల్లరేగడిలో వేసుకున్న గుడిసెల వరసను అందరూ అలాగే పిలిచేవారు. చుట్టుపక్కల పాత ఊళ్ళ పిల్లలకు బావులు తెలుసు, వానకు పారి ఎండకు ఇంకిపోయే వాగులు తెలుసు, కానీ నెలల తరబడి ఒడ్డులొరుసుకుని పారే నీళ్ళు వాళ్ళకు కొత్త. మా వాళ్ళకు కాలువ కొత్త కాదు, అదే వచ్చిన చిక్కు. కాలువంటే మెట్ల రేవు, నెమ్మదిగా కదిలే నీళ్ళు అనుకుని, అక్కడ పంపినట్టే ఇక్కడా పిల్లలను గేదెలు కడగడానికి పంపారు. ఇక్కడి కాలువకు మెట్లు లేవు. ఒడ్లకు నున్నటి రాళ్ళు పరిచారు. నాచు పట్టిన ఆ రాళ్ళ మీద కాలు జారితే చేతికి ఏమీ దొరకదు. మొదటి ఏడాదే మా పక్కింటి పిల్లవాడు జారాడు. పొలం నుంచి వస్తున్న నాన్న పార గట్టున పడేసి దూకి, వాణ్ణి ప్రాణాలతో తెచ్చాడు. మర్నాటి నుంచి నాన్న ఈత నేర్పడం మొదలుపెట్టాడు.

ఆయన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. జూలైలో డ్యాము నిండి నీళ్ళు వదిలారంటే, ముందుగా ఎండుటాకులు, పుల్లలు, కొట్టుకుపోతున్న పాములతో ఎర్రనీరు వచ్చేది. అది కాస్త తేరుకున్నాక రోజూ పొద్దున్నే, నాట్లకు పోకముందు, పిల్లకాలువ వెడల్పయ్యే చోట నడుములోతు నీళ్ళలో నిలబడేవాడు. మా క్యాంపు పిల్లలే కాదు, పక్కనున్న పాత ఊరు బాళగనూరు నుంచి గొర్రెల కాపరుల పిల్లలు కూడా వచ్చేవారు. ఆడపిల్లలు పరికిణీలు గోచీ పోసుకుని దిగేవారు. నాన్నకు చదువు అంతంతమాత్రం, అయినా కన్నడ పిల్లలు ఆయన్ను "ఈజు మాస్తరు" అనేవారు. వాళ్ళ భాషలో ఈజు అంటే ఈత.

మునిగిపోకుండా పిల్లల వీపుకు ఎండు సొరబుర్రలు కట్టేవాడు. అందుకోసం మా గుడిసె మీద పాకిన తీగ కాయలన్నీ కోయనివ్వక తీగ మీదే ఎండబెట్టేవాడు. గాలికి లోపలి గింజలు గలగలలాడేవి.

"ఊరందరి పిల్లలకీ బుర్రలు కట్టండి, ఇంట్లో కూరకి మాత్రం ఒక్క కాయన్నా ఉంచబోకండి" అనేది అమ్మ.

"తీగుంది గదే, మళ్ళీ కాస్తది" అనేవాడు నాన్న.

"ఆఁ, మళ్ళీ కాస్తది, మళ్ళీ మీరే పట్టుకుపోతారు."

బుర్ర కట్టాక నాన్న తన అరచెయ్యి పిల్లవాడి పొట్ట కింద పెట్టి నీళ్ళ మీద తేల్చేవాడు. కాళ్ళు కొట్టడం కుదిరాక, వాడికి తెలియకుండా చెయ్యి తీసేసేవాడు. గట్టు మీద కూర్చుని నేను చూసింది ఆ చెయ్యినే. ఎవరి పొట్ట కింద ఎంతసేపుందో చూసేదాన్ని. నన్ను ఒక్కసారి దింపాడు. నా నడుము పట్టుకుని రెండడుగులు వేశాడో లేదో, "ఇయ్యాల నీళ్ళు జోరుగా ఉన్నాయమ్మా" అని గట్టెక్కించేశాడు. అదే నీళ్ళలో బసవ తేలుతున్నాడు. బాళగనూరు గొర్రెల కాపరి కొడుకు బసవ, నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద. వాడంటే నాకు అన్నం సయించనంత కుళ్ళు.

నాగుల పంచమికి బసవ వాళ్ళమ్మ శేంగా ఉండలు పంపేది. వేయించిన పల్లీలూ బెల్లమూ, కొరికితే పళ్ళకు అతుక్కునేవి. నాన్న గట్టు మీద గుడ్డ పరిచి, ముందు తల తడిసిన వాళ్ళకే ఇచ్చేవాడు. నాకు ఎనిమిదేళ్ళున్న ఏడు నేను ఇంటికి పరుగెత్తి, కడవలో నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుని వచ్చి వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. నాన్న నా జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి చూశాడు.

"కాలవ నీళ్ళయితే ఇసక ఉండాలి గదమ్మా" అన్నాడు.

అందరూ విరగబడి నవ్వారు. "మాస్తరు, ఈమె కడవల ఈదొచ్చింది!" అన్నాడు బసవ. నాన్న కూడా నవ్వి, ఉండ నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని కాలువలోకి విసిరేశాను.

మర్నాడు నాన్న నాకు ఈత నేర్పే పని బసవకు అప్పగించాడు. తాను గట్టు మీద, నీళ్ళకు వీపు పెట్టి, గడ్డిపరకలు తెంపుతూ కూర్చున్నాడు. "భయపడకు తంగీ, నేనున్న కద. కాళ్ళు కొట్టు, కాళ్ళు!" అని బసవ అరుస్తుంటే, తంగి అంటే చెల్లెలని తెలిసీ, నీ చెల్లెల్ని కాదు పో అని ఏడుస్తూ కాళ్ళు కొట్టాను. నాలుగు రోజుల్లో ఈత వచ్చింది. నాన్న ఒక్కసారీ తిరిగి చూడలేదు.

కిందటేడు నాన్న పెద్దకర్మకు ఎక్కడెక్కడి నుంచో తలలు నెరిసినవాళ్ళు వచ్చారు. విస్తళ్ళ ముందు కూర్చుని ప్రతివాళ్ళూ ఆ చెయ్యి గురించే చెప్పుకున్నారు. నేను వడ్డిస్తూ విన్నాను. నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. చేతులు కడుక్కునే చోట బసవ నా పక్కకు వచ్చాడు.

"మాస్తరు నీ ఈత నాకెందుకు అప్పజెప్పిండో తెలుసా తంగీ?"

"తీరిక లేక."

"కాదు. నిన్ను పట్టుకుంటే ఆయన చెయ్యి వణుకుతుండె. చెయ్యి వణికితే పిల్లకు తెలుస్తది, పిల్ల బెదురుతది, నువ్వు పట్టుకోరా అన్నడు. గట్టు మీద అటు తిరిగి కూసుండె కద? చూడలేక."

ఆ మాటకు నా కుళ్ళు పోవాలి. పోలేదు. ఆయన భయం నా ఒక్కదానికే దక్కిందని ఈ ఏడాదిగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకు కావలసింది భయం కాదు, పొట్ట కింద చెయ్యి. వణికినా సరే.

ముదిరిన కాయను చెత్తబుట్టలో వేశాను. కాలువకు ఇప్పటికీ నీళ్ళు వదులుతారు. క్యాంపులో గుడిసెల చోట మేడలొచ్చాయి, వాటి మీదికి తీగలు పాకించరు. సొరబుర్రలు ఎవరూ ఎండబెట్టడం లేదు. ఆ కాలువలో పిల్లలకు ఎవరూ ఈత నేర్పడం లేదు.