బండి కింద నుంచి వచ్చే "ఊఁ"

మా చిన్నప్పటి ఆదివారం అంటే నాకు నాన్న కాళ్లే గుర్తొస్తాయి... మోకాళ్ల దాకా మాత్రమే. మిగతా మనిషంతా బండి కింద ఉండేవాడు.

కూర్మన్నపాలెంలో హైవే వెనక సందులో మా రేకుల ఇల్లు. నాన్న స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లేవాడు. ఎవరో బాగా వాడేసిన ఏడు సీట్ల బండి ఒకటి కొన్నాడు. మేం దాన్ని 'పెద్ద బండి' అనేవాళ్లం. ఆనందపురం అవతల మా ఊరికి బయల్దేరితే అత్తలు, పిన్నులు, వాళ్ల పిల్లలు, బియ్యం బస్తా... అందరూ అందులోనే. వెనక సీటు వాళ్లకి చిన్న ఫ్యాను, ముందు లారీ హారను, అన్నీ నాన్నే బిగించాడు. సముద్రపు గాలికి ఎప్పుడూ ఏదో ఒకటి తుప్పు పట్టేది. అయినా షెడ్డుకి తీసుకెళ్లేవాడు కాదు. తన చేత్తో బిగించని నట్టు మీద ఆయనకి నమ్మకం లేదు.

జాకీతో బండి ఎత్తి, చక్రం విప్పి గోడకి ఆనించి, గోనెసంచి పరుచుకుని కిందికి దూరేవాడు. విప్పిన నట్లు మట్టిలో పడితే దొరకవని పెదాల మధ్య పెట్టుకునేవాడు. అందుకే కింద ఉన్నంతసేపూ మాటలుండేవి కాదు. ఏం అడిగినా ఒకటే జవాబు... "ఊఁ".

మొదట్లో నాకు ఆ జాకీ అంటే భయం లేదు. భయం చదువుతో పాటు వచ్చింది.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేనే. ఇంగ్లీషు కొత్తగా కూడబలుక్కుంటున్న రోజులవి... పేస్టు డబ్బా, బిస్కెట్ కాగితం, ఏది కనిపించినా చదివేదాన్ని. అలాగే ఒక ఆదివారం జాకీ మీద సగం చిరిగిన పసుపు స్టిక్కరు చదివాను. బండి బొమ్మ, దాని కింద మనిషి బొమ్మ, అడ్డంగా ఎర్ర గీత. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి వెళ్లొద్దని, వెళితే చావు రావచ్చని రాసి ఉంది. తప్పు చదివానేమో అని మళ్లీ చదివాను... తప్పు కాదు.

నాన్నకి చెబితే నవ్వాడు. "అది కారులున్నోల కోసం రాసుంటారు తల్లీ. మన బండి నా మాట ఇంటాది."

అమ్మ నవ్వలేదు. ఆ మాట ఎక్కడ రాసి ఉందో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే చూసింది. అమ్మకి అక్షరం రాదు. అందుకేనేమో, రాసి ఉన్న మాటని తేలిగ్గా తీసుకునేది కాదు. ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. విప్పిన చక్రాన్ని గోడకి ఆనించకూడదు. జాకీ జారితే బండి దాని మీద ఆగేలా, బండి కింద, నాన్న పక్కనే పడుకోబెట్టాలి. నేను పీట వేసుకుని అక్కడే కూర్చుని మధ్యమధ్యలో "నానా" అని పిలవాలి. ఆయన "ఊఁ" అనాలి.

హైవే మీద ఇనప చుట్టలు మోసుకుంటూ ట్రెయిలరు పోతే మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. పీట కింద నేల వణికేది. జాకీ వైపే చూస్తూ పిలిచేదాన్ని. "ఊఁ" వినపడేదాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు.

వానలు పడి వెలిసిన ఒక ఆదివారం... వెనక ఇరుసు మీద బరువు మోసే కమాను పట్టీల దగ్గర బోల్టు వదులై, గతుకు వచ్చినప్పుడల్లా బండి కిర్రుమంటోంది. ఆ వారంలోనే ఊరికి వెళ్లాలి. నాన్నకి తొందర. నేల మెత్తగా ఉందని జాకీ కింద చెక్క ముక్క వేసి ఎత్తాడు. చక్రం విప్పి, పాత అలవాటు కొద్దీ గోడకి ఆనించి, దూరిపోయాడు.

చక్రం సంగతి గుర్తు చేశాను. "ఊఁ" అన్నాడు గానీ కదల్లేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"పిల్ల సదివి సెప్పినాక కూడా ఇనవేటి? సక్రం కిందెట్టినాకే నీ పని."

నాన్న కాళ్లు విసుగ్గా కాస్త పక్కకి జరిగాయి. అమ్మ చక్రాన్ని దొర్లించుకొచ్చి, పడుకోబెట్టి, కాలితో లోపలికి తోసి వెళ్లిపోయింది.

కాసేపటికి ట్రెయిలరు వచ్చింది. గిన్నెలు గలగలమన్నాయి. చెక్క ముక్క ఒక పక్కగా మట్టిలోకి దిగడం నాకు కనిపిస్తూనే ఉంది... పీట మీంచి లేచాను. జాకీ ఒరిగింది. బండి ఒక్కసారిగా కూలింది. తుప్పు జలజలా రాలింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"నానా."

జవాబు లేదు. కాళ్లు కదల్లేదు. ఒక చెప్పు ఊడి పడి ఉంది. ఆయన బొటనవేలు పట్టుకుని మళ్లీ పిలిచాను.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. ఎన్నడూ నాన్న పేరు పలకని మనిషి, ఆ రోజు పేరు పెట్టి పిలిచింది.

అప్పుడు, చాలా లోపల్నుంచి... "ఊఁ".

పక్కింటివాళ్లు ఇంకో జాకీ తెచ్చి ఎత్తాక బయటికి వచ్చాడు. బండి చక్రం మీద ఆగిపోయింది, ఆయన ఛాతీకి బెత్తెడు పైన. ముఖమంతా తుప్పు పొడి. నోట్లోని నట్లు అరచేతిలోకి ఉమ్మాడు. బండి కూలిన అదురుకి అవి పెదాల మధ్య నుంచి లోపలికి జారాయి, "ఊఁ" అన్నా గొంతులోకి పోతాయని పళ్లు బిగించి పడుకున్నాడట. నా పీట మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన నీళ్లు తాగాడు.

గ్లాసు కింద పెట్టి నాన్న నా వైపు చూశాడు. "ఆ టిక్కర్ మీద ఇంకేటి రాసుందో... మొత్తం సదువు తల్లీ."

చదివాను. అర్థం కాని మాటలు వదిలేస్తుంటే వాటినీ అక్షరం అక్షరం చదవమన్నాడు. ఆ వారం ఊరికి బస్సులో వెళ్లాం.

ఇప్పుడు నేను పరవాడలో ల్యాబులో పని చేస్తున్నాను. ఇంటి ముందు కొత్త బండి ఉంది. సర్వీసుకి ఇస్తే ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. మొన్న అద్దంలోంచి చూస్తే మా బండి లిఫ్టు మీద పైకి లేచింది, దాని కింద ఎవరో మెకానిక్ నిలబడ్డాడు. పక్కనే నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ బండి కింద ఉన్నది ఆయన కాదని తెలిసి తెలిసి, మెల్లగా "నానా" అన్నాను.

తల ఎత్తకుండానే "ఊఁ" అన్నాడు.

బళ్లు మారాయి... నేల వణకడం లేదు. ఆ "ఊఁ" వినకుండా ఊపిరి తీసుకోవడం మాత్రం నాకింకా రాలేదు. మీ ఇంట్లో మీరు ఎవరి గొంతు కోసం అలా చెవులు రిక్కించి కూర్చునేవారు?