హెడ్డు బోల్టు బిగిస్తుంటే మా ఇంట్లో కుక్కర్ బంద్

మా చిన్నప్పుడు నాన్న ఇంజిన్ హెడ్డు, అంటే దాని పైమూత, బిగిస్తున్నాడంటే చాలు... కుక్కర్ బంద్, టీవీ బంద్, అక్కా నేనూ కొట్టుకోవడం కూడా బంద్!

మా ఇల్లు నాచారంలో ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఉండేది. ముందు రేకుల షెడ్డులో నాన్న ఆటోలు రిపేరు చేసేవాడు. వెనక గదిలో అమ్మ కుట్టుమిషన్. మధ్యలో ఒక్కటే గోడ... అటు గ్రీజు వాసన, ఇటు కొత్త బట్ట వాసన.

బోల్టు బిగించడమంటే బలం చూపించడమే అనుకుంటారు చాలామంది. నాన్న దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. ముందు బోల్టుకున్న మరలను కిరసనాయిలుతో కడగాలి, బ్రష్షుతో రుద్దాలి, చుక్క నూనె రాయాలి. ఉత్త వేళ్లతో తిప్పితేనే లోపలికి ఎక్కాలి. ఎక్కనని మొండికేస్తే తీసి మళ్లీ కడగాలే తప్ప పానా పెట్టి బలవంతం చేయకూడదు. పానా పెట్టాక కూడా ఒకేసారి కాదు... ఈ మూల కొంచెం, ఎదురు మూల కొంచెం.

ఇక చివరి బిగింపప్పుడు చెవి ఇంజిన్ దగ్గర పెట్టేవాడు. బోల్టు కిర్రుమంటుందట... ఆ కిర్రు విని, చేతికి తగిలే బిగువు చూసి ఆపాలట. అందుకే ఇల్లంతా నిశ్శబ్దం. పక్కింట్లో మిక్సీ మొదలైందంటే, అది ఆగేదాకా బయటికెళ్లి బీడీ కాల్చుకునేవాడు. పక్కింటి పిన్ని కూడా పాపం మా గోడవైపు చూసి గానీ పచ్చడి రుబ్బేది కాదు.

అలాంటి నాన్నకు ఒక వానాకాలం కీళ్ల జ్వరం వచ్చింది. గల్లీలో సగం మందికి వచ్చింది లెండి. అందరికీ తగ్గింది... నాన్న వేళ్లు మాత్రం బిగుసుకుపోయాయి. చొక్కా గుండీలు అమ్మే పెట్టేది.

మళ్లీ షెడ్డు తెరిచిన కొన్నాళ్లకే ఒక బోల్టు టప్పున విరిగింది. సగం చేతిలో, సగం ఇంజిన్‌లో. ఆ ముక్క తీయించడానికి ఇంజిన్ మోసుకుని లేత్ మిషన్ దాకా పరుగు. అది మరిచిపోకముందే ఇంకొకటి... "ఆయన చెయ్యి పోయింది" అని మాట పాకింది. మా దగ్గరికి రావాల్సిన ఆటోలు ఉప్పల్ రోడ్డు మీది షెడ్లకు పోసాగాయి.

ఒక సాయంత్రం నాన్న పానాలన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టేశాడు.

"ఫ్యాక్టరీ గేటుకాడ కూసునే నౌకరీ ఉన్నదంట. అడిగొస్త," అన్నాడు అమ్మతో.

నాకైతే ఏడుపొచ్చింది. షెడ్డు లేని నాన్న నాకు ఊహకు కూడా అందలేదు.

మర్నాడు పొద్దున్నే బోడుప్పల్ నుంచి యాదగిరి మామ వచ్చాడు. నాన్నకు పాత దోస్తు. జ్వరానికి ముందు విప్పిన ఆయన ఆటో ఇంజిన్ ఇంకా మా షెడ్డులోనే ఉంది.

"ఎవలేమన్న అననీ బావా... నా బండి నువ్వే జెయ్యాలె," అని స్టూలేసుకుని కూర్చున్నాడు.

నాన్న సంచి విప్పాడు. బోల్టులు కడిగాడు, వేళ్లతో ఎక్కించాడు. పానా పెట్టేసరికి చేయి ఆగిపోయింది.

"ఎంత బిగిస్తున్ననో నాకు తెలుస్తలేదు యాదగిరీ..."

గోడవతల మిషన్ చప్పుడు ఆగింది. అమ్మ వచ్చి, కొంగు నడుముకు దోపుకుని, నాన్న చేతిలోంచి పానా తీసుకుంది.

"ఏందక్కా! గది జాకెట్ గాదు, ఇంజన్!" యాదగిరి మామ లేచి నిలబడ్డాడు.

"ఎరికనే తమ్మీ. దారం తెగే ముందు జర మెత్తబడ్తది. గది నా చేతికి తెలుస్తది." నాన్న వైపు తిరిగింది. "ఇనుము గూడ గంతేనా?"

నాన్న తల ఊపాడు. "గంతే. బిగుస్త బిగుస్త వొచ్చి, ఒక్కసారి అల్కగ తిరిగిందంటే ఇగ ఇరుగుడే. గంతకంటె ముందే ఆగాలె."

అక్క పరుగెత్తి స్టవ్ ఆపేసింది. అమ్మ చేయి పానా మీద, నాన్న చెవి ఇంజిన్ దగ్గర. ఈ మూల... ఎదురు మూల... నాన్న ఆగమనడం, అమ్మ ఆగడం ఒకేసారి జరుగుతున్నాయి. చివరి బోల్టు దగ్గర మాత్రం నాన్న "ఇంకో జర" అన్నాడు. అమ్మ కదలలేదు.

"వొద్దు. చాలు. తెగేదాంక గుంజొద్దని ఊకనే అన్నరా?"

వానాకాలం తర్వాత నాన్న నవ్వడం అదే మొదలు.

ఇంజిన్ బండికి ఎక్కించాక యాదగిరి మామ ఆటో వేసుకుని మౌలాలి ఎత్తు దాకా పోయాడు. ఆయన తిరిగొచ్చేదాకా నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్న వంగి చూస్తే ఇంజిన్ మీద ఎక్కడా నూనె కారిన చెమ్మ లేదు, హెడ్డు సరిగ్గా బిగిసింది. "అక్కా, మా తమ్ముని బండి గూడ తోలిస్త నీకాడికి," అన్నాడు మామ. ఆ గోనెసంచి దులిపి నాన్న షెడ్డు గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి పరిచాడు.

ఆ రోజు నుంచి హెడ్డు బిగించాల్సి వస్తే నాన్న గోడ మీద తట్టేవాడు. అమ్మ జాకెట్టు పక్కన పెట్టి వచ్చేది. మేం పెద్దయ్యేదాకా షెడ్డు అలాగే నడిచింది.

ఇప్పుడు షెడ్డు మా అక్క భర్త, బావ చూసుకుంటున్నాడు. ఎంత బిగించాలో ముందే పెట్టుకునే కొత్తరకం పానా ఉంది ఆయన దగ్గర. అంతకు చేరగానే టిక్కుమంటుంది. బోల్టులు విరగవు... మంచిదే కదా.

మొన్న వెళ్లినప్పుడు బావ హెడ్డు బిగిస్తున్నాడు. కుక్కర్ విజిల్స్, టీవీ సీరియల్, పిల్లల గోల... ఎవరూ ఏదీ ఆపలేదు. టిక్కుమన్నప్పుడు మాత్రం లోపల అమ్మ మిషన్ ఆగింది. స్టూలు మీద కూర్చున్న నాన్న గోడవైపు చూశాడు. తట్టడానికి చేయి సగం లేపి... మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఒకరి చేయి, ఇంకొకరి చెవి కలిస్తే తప్ప కాని పని మీ ఇంట్లోనూ ఉండేదా? ఉంటే చెప్పండి... వినడానికి కుక్కర్ ఆపేసి కూర్చున్నాను.