ఇసుక తీసి మిర్చి నింపిన మేధావి

ఒక ఆడపిల్ల రెండేళ్ల కష్టాన్ని రెండు కిలోల ఎండుమిర్చితో బుగ్గి చేయబోయిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే ఇది చదవండి. మూడేళ్ల కిందటి మాట. నాకప్పుడు అరవై ఎనిమిది. ఇంకా బుద్ధి రాని వయసు.

మా తమ్ముడి కూతురు స్రవంతి, దూరప్రయాణాల పెద్ద మోటారుసైకిళ్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఓరోజు అలాంటి బండొకటి తెచ్చి రఘునాథపల్లిలో మా ఇంటి ముందు ఆపింది. బండా అది? హెడ్‌లైటు తగిలించిన దున్నపోతు! ఎక్కాలంటే నిచ్చెన కావాలి. వెనక చక్రాన్ని పట్టుకున్నది ఒకే ఒక్క ఇనుప చెయ్యి. దాన్ని గీసి, చేయించింది స్రవంతే.

"రేపే ఆఖరి పరీక్ష పెద్దబాపూ. బండి ఊగకుంటే నా చెయ్యి పాసైతది. ఊగిందనుకో, పాత రెండు చేతులదే ఖాయం జేస్తరు. ఎనక కూసునేటాయనకు జ్వరమొచ్చింది. జర నువ్వు కూసుంటవా?"

కాలేజీ మెట్లెక్కకుండా, ట్రాక్టర్లు విప్పి విప్పి విద్య నేర్చినవాణ్ణి. నాకు ఒళ్లు మండింది.

"దేవుడు మనిషికే రెండు చేతులిచ్చిండు. గింత బరువుకు ఒక్కటేందే?"

"ఒక్కటే గట్టిగ చేసినం. చక్రం ఊడదీసుడు అల్కగైతది."

సీటుకు రెండు పక్కలా రెండు రేకు పెట్టెలు. సామాను బరువుకు బదులు ఒక్కోదాంట్లో పది కిలోల ఇసుక సంచి.

మర్నాడు జనగామ దాటి మహబూబాబాదు దాకా బండి నవారు మంచంలా మెత్తగా సాగింది. అక్కడ స్రవంతి ఫోను మాట్లాడటానికి పక్కకు వెళ్లింది. నా కళ్లు మాత్రం ఎదురు దుకాణంలోని ఎర్రటి ఎండుమిర్చి మీద పడ్డాయి. మా పరీక్ష దారి భూపాలపల్లి దాకా. ఆ దారిలోనే, మొగుళ్లపల్లిలో మా చెల్లె ఉంది. చెల్లె గడప చేతులూపుకుంటూ తొక్కే అన్న మా వైపు ఇంకా పుట్టలేదు. అందుకని ఎడమ పెట్టెలోని ఇసుక సంచి తీసి గోడవారన పెట్టాను. మిర్చి కుక్కాను. రెండు కిలోలకే పెట్టె నిండింది. నిండితే చాలు కదా! చూశారా నా శాస్త్రజ్ఞానం?

ఊరు దాటి వేగం అందుకోగానే బండి వెనకభాగం ఊగింది.

"పెద్దబాపూ, కదలకు!"

"నేనేడ కదుల్తున్ననే? నీ చెయ్యే కదుల్తుంది!"

నెమ్మదించి మళ్లీ వేగం పెంచింది. మళ్లీ ఊగింది. మూడోసారి ఎదురుగా లారీ వస్తుండగా బండి పాములా మెలికలు తిరిగింది. నా ప్రాణం హెల్మెట్లోకి ఎక్కి కూర్చుంది.

స్రవంతి రోడ్డు పక్కన ఆపింది. టైర్లు, బోల్టులు అన్నీ చూసింది. నేనేమో నడుం మీద చేతులు పెట్టుకుని ఉపన్యాసం మొదలెట్టాను.

"నిన్ననే జెప్పిన. ఇన్నవా? సదువుకున్నోళ్లకు మా మాటలు ఎక్కయి!"

ఆమె కంపెనీలో తన పై ఆఫీసరుకు ఫోను చేసింది.

"సార్, పొద్దున మంచిగనే ఉండె. ఇప్పుడు ఊగుతుంది. గాలి సరిగ్గనే ఉంది. రెండు పెట్టెల బరువు సమానమే. ఇగ తప్పు నా చేతిలనే ఉన్నట్టుంది."

సమానం! ఆ మాటకు నా చూపు ఎడమ పెట్టె మీదికి పోయింది. ఒక దిక్కు పది కిలోలు, ఇంకో దిక్కు రెండే! నోరు మూసుకుంటే నా పెద్దరికం దక్కుతుంది. స్రవంతిని చూశాను. కళ్లనిండా నీళ్లు.

ఫోనులో ఆఫీసరు గొంతు వినబడుతోంది. "అయితే అలాగే రాసెయ్యమ్మా. పాతదే ఖాయం చేద్దాం."

"బిడ్డా, ఆయనను జర ఆగుమను. ఎడమ పెట్టె తెరువు."

తెరిచింది. మిర్చి ఘాటుకు మూడు తుమ్ములు తుమ్మింది.

"ఇసుకేది?"

"మహబూబాబాదుల ఉంది."

"ఎవలు తీసిండ్రు?"

నెపం వేద్దామంటే చుట్టుపక్కల ఒక్క మేక కూడా లేదు. "మీ అత్త కాడికి ఉత్త చేతులతోని ఎట్ల పోదం, బిడ్డా?"

ఆమె నన్ను చూసిన చూపు కన్నా ఆ లారీయే నయం.

"ఏమ్మా, లోపం దొరికిందా?" ఆఫీసరు అడిగాడు.

"దొరికింది సార్. చెయ్యి మంచిగనే ఉంది. లోపం ఎనక సీటు మీదుంది."

"విప్పి తీసెయ్యొచ్చా?"

"ఇప్పుడే దించుతున్న సార్."

దించింది. మిర్చి సంచితో సహా. మర్నాడు వేరే మనిషిని ఎక్కించుకుని దారంతా మళ్లీ తిరిగింది. చెయ్యి పాసయింది.

కాబట్టి మహాజనులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మూత పెట్టిన పెట్టె ఏదైనా సరే, అది నా సొంత టిఫిను డబ్బా అయినా సరే, ఒక ఇంజనీరు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఈ జన్మలో తెరవను.