రోకలిముక్క పైపు

పొగ తాగేది మంచిదా చెడ్డదా అని నన్నెవరూ అడగొద్దండి. నేను జన్మలో ఒక్క దమ్ము పీల్చిన దాన్ని కాదు. కానీ ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు సంతలో, పులివెందులలో బస్సులు నిలబడే కాడ ఒకప్పుడు నోట్లో పైపు పెట్టుకోని దర్జాగా తిరిగిన బండోళ్లు, మగ్గమోళ్లు, గొర్లకాపర్లు ఉండిరే, ఆ పైపులకు తాడు లాగింది ఈ చేతులే. అందుకే చెప్తాండా.

మా ఇంటాయన తరిమెన పనోడు, ఊరంతా సాయిబూ అని పిలిచేది. మంచంకోళ్లు, ఉయ్యాల గుండ్లు, బొంగరాలు చేస్తాండె. తరిమెన అంటే అదేదో పెద్ద మిషను అనుకునేరు. నేలలో పాతిన రెండు మొద్దులు, వాటికి రెండు ఇనుప మొనలు, అంతే. ఆ మొనల నడుమ కట్టె బిగించి, దానికి తాడు చుట్టి, ఒకరు ఎదురుగా కూర్చోని ఈ కొసా ఆ కొసా మార్చి మార్చి లాగల్ల. కట్టె గిర్రున తిరుగుతాంటే ఇంకొకరు రెండు చేతులా ఉలి పట్టుకోని, కాలివేళ్లతో అదిమిపట్టి చెక్కల్ల. చెక్కేది ఆయన, లాగేది నేను. పెండ్లయి కాపరానికి వచ్చిన కాడి నుంచి నా పని అదే. మా అంగడి ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన మిద్దెకింద వసారాలో ఉండె. బాడుగ అడిగేటోడు కాదు. దానికి బదులు ఆయనింట్లో ఏ కట్టెపని పడినా మేం ఊరికే చేసిపెట్టల్ల.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆ పెద్దాయన సీమపైపు కిందపడి పగిలె. ఎవరో దొర దేశం ఇడిసి పోతా పోతా ఇచ్చిపోయిన పైపంట అది. పగిలినాక ఆయనకు తిండి సయించలేదు. ముక్కలు తెచ్చి మా ఆయన ముందర పెట్టి, ఇట్లాంటిదే ఇంకొకటి చేసియ్యమనె. మా ఆయన ఏ కట్టెతో చేసినా నిప్పు తగిలితానే పగుల్తాండె, లేకుంటే కాలి చేదెక్కుతాండె. చేసిందల్లా పొయ్యిలో పెట్టే పనాయె నాకు.

అప్పుడే ఊర్లోకి వడ్లమర వచ్చిండె. ఆడోళ్లు దంచేది మానుకునిరి. మా అత్త రోకలి మూలకు పడిండె. చండ్రకట్టె, ఏండ్లకేండ్లు దంచి దంచి ఇనుము మాదిరి అయిన చేవ. నేనే దాన్ని ఎత్తకొచ్చి ఆయన ముందర పడేసి, దీన్ని కొయ్యమంటి. మా అత్త లబలబలాడె. రోకలి కోస్తే కొంప ఏమి కావల్ల అనె. మరకు పంపేది నువ్వే గదమ్మా, ఇంక రోకలెందుకు అంటి. ఆ మాటకు ఆమె మూడు దినాలు నాతో మాట్లాడలేదు. నాకూ పని బాగా సాగె.

రోకలి చేవ పగల్లేదు. కుమ్మరాయనతో చిలుం చేసే మట్టితోనే బొటనవేలంత గిన్నె చేయించి లోపల కూర్చినాం. నోటికాడికి పొట్టేలు కొమ్ము. పెద్దాయన ఒక దమ్ము లాగి చూసి, దొర ఇచ్చింది కూడా ఇంత సల్లగా లేదని మా ఆయన భుజం తట్టి పాయె. మా ఆయన ఆ పొద్దంతా ఆ భుజం చూసుకుంటానే ఉండె.

నేను మిగిలిన రోకలి చూస్తాంటి. ఆ ముక్కలో ఇంకా ఎన్ని పైపులున్నాయో నా కండ్లకు కనపడ్తాండె. కొమ్ము తీసేసి ఎదురుబొంగు పుల్ల పెడితే ఖర్చేముంది? లోపలి మట్టిగిన్నె కాలిపోతే గిన్నె ఒక్కటే మార్చుకోవచ్చు, కొత్త పైపు కొననక్కరలేదు. ఆఠణాలకు, అర్ధరూపాయికి అమ్ముదామంటి. దుడ్లు లేనోళ్లు ఒక పాత రోకలి తెచ్చిస్తే దాంట్లో నుంచి ఒక పైపు వాళ్లకు ఊరికే, మిగిలిన కట్టె మాకు. మా ఆయన తల గోక్కోని సరే అనె.

మొదట కొనింది జమ్మలమడుగు నుంచి పత్తి తోలే బండాయన. గాలికి బీడీ ఆరిపోతాంది, అంటించిందే అంటించేదైతాంది అని ఏడుస్తాండె పాపం. పైపులో చిటికెడు పొగాకు కూరితే ఎర్రగుంట్ల దాకా వస్తాందని ఊరూరా చెప్పుకోని తిరిగె. ఇంక చూడండి. ఆడోళ్లు రోకళ్లు మోసుకోని మా అంగడికి రాబట్టిరి. ఒకామె అయితే మొగుణ్ణి ఎనకేసుకోని వచ్చి, ఇన్నాండ్లు నేను దంచితి, ఇప్పుడు నువ్వు పీల్చు అని రోకలి వాని చేతికిచ్చె. అందరం కడుపుబ్బ నవ్వుకుంటిమి.

మీకొక సంగతి చెప్పల్ల. మా పక్క పెద్దోళ్లు ఎదురైతే పొగ దాచల్ల. బీడీ అయితే చిదిమి చెవి ఎనక పెడ్తారు. చుట్ట అయితే గుప్పిట్లో మూసి చెయ్యి ఈపు ఎనక్కు పోనిస్తారు. ఎవరూ నేర్పరు, చెయ్యి దానంతటదే పోతుంది. మరి పైపును యాడ పెట్టల్ల? ఈ మాట మాకెవరికీ తట్టలేదు.

ఒకనాడు బండాయన మా అంగడి ముందర నిలబడి పైపు తాగుతాంటే పెద్దాయన మిద్దె దిగి వచ్చె. బండాయన చెయ్యి అలవాటుగా పైకి లేసె, మండే పైపును తలగుడ్డలోకి తోసేసె, రెండు చేతులూ జోడించి దండం సామీ అనె. తలగుడ్డలో నుంచి పొగ లేస్తాంది, మనిషి మాత్రం దండం ఇడవడు. మంట కనపడినాక నేను ఉలి నూరే నీళ్లకుండ ఎత్తి వాని నెత్తిన కుమ్మరిస్తి. బజారంతా నవ్వె. పెద్దాయనా నవ్వె. తలగుడ్డలో నుంచి పైపు జారి ఆయన కాళ్లకాడ పడె. చూస్తే తన పైపు మాదిరిదే. నవ్వు యాడికి పోయిందో పాయె.

"నేను తాగేదే వాడూ తాగితే ఇంక నేనెవరు, వాడెవడు సాయిబూ?" అని మా ఆయన్ను అడిగె. ఇంకొక్క పైపు ఈడ నుంచి బయటికి పోయినా అంగడి ఖాళీ చేయల్లని చెప్పి మిద్దెక్కె.

మా ఆయన అన్నం ముందర కూర్చోని కూడా అదే ఆలోచన. కడాకు ఒక ఉపాయం చెప్పె. పైపుకు చిన్న మూత చేస్తాడంట. పెద్దాయన కనపడితానే మూత బిగించి మొలలో దోపుకోవచ్చంట. తలగుడ్డ కాలదు, ఆయన కంట పడదు, అంగడీ నిలుస్తుంది. ఒక మూత చేసి కూడా చూపించె. ముద్దుగానే ఉండె, కాదనను. నాకు మాత్రం ఒళ్లు మండిపాయె.

"వాని తలగుడ్డ కాలింది పైపుతో కాదు, భయంతో. కష్టపడి కొనుక్కున్నోడు దొంగ మాదిరి ఎందుకు దాచుకోవల్ల? నువ్వు మూతలు చేస్తే నేను తాడు ముట్టను" అంటి.

నోరు శానా పెద్దదైంది నీకు, అంగడి పోతే ఏం తింటాం అని ఆయన అరిచె. ఆయన మాటా తప్పు కాదు. ఆ వసారా తప్ప మాకు ఇంకొక దిక్కు లేదు. నాకు తెలవక కాదు. తెలిసే తాడు చుట్టి మూలకేస్తి. తాడు లాగకుంటే తరిమెన తిరగదు గదా. ఆయన ఉలి నూరుకుంటా, నేను బియ్యం ఏరుకుంటా కూర్చుంటిమి.

అట్ల ఉండంగా బండాయన మళ్లా వచ్చె. వాని పైపు నీళ్లకు చెడిపోయిందంట, ఇంకొకటి కావల్లంట. మా ఆయన మూత ఉండే పైపు వాని చేతిలో పెట్టె. వాడు ఆ మూతను అటు తిప్పి ఇటు తిప్పి చూసి తిరిగి ఇచ్చేసె. "మూత వద్దప్పా. ఈసారి యాడా దాచను" అనె. మా ఆయన లేసి మూలకు పోయి తాడు ఎత్తుకునె. దాన్ని నా పక్కకు ఇసిరె.

కొత్త పైపు అయ్యింది. ఏ పైపునైనా మా ఆయన తానే అంటించి, దమ్ము సరిగ్గా వస్తాందా లేదా చూసినాకనే ఇచ్చేటోడు. ఆ పొద్దు కూడా అంటించి నోట్లో పెట్టుకోని, అది కాలే లోపల ఇంకొక ముక్క మొనల నడుమ బిగించె. నేను లాగుతాంటి, ఆయన చెక్కుతాండె, బండాయన పక్కన నిలబడిండె. అప్పుడు పెద్దాయన మిద్దె దిగె.

వచ్చి మా ముందర నిలబడె. మా ఆయన పెద్దాయన ఎదురుగా ఎన్నడూ పొగ తాగి ఎరగడు. రెండు చేతుల్లో ఉలి, కాలు ఉలి మీద, నోట్లో పైపు. కట్టె తిరుగుతాంటే ఉలి ఇడిసేదానికి లేదు. ఇడిస్తే ఎగిరి మొగానికి తగుల్తుంది. తాడు ఆగితేనే చెయ్యి ఖాళీ అయ్యేది, చెయ్యి ఖాళీ అయితేనే పైపు నోట్లో నుంచి దిగేది. మా ఆయన నా పక్క చూసె. ఆపమని కండ్లతో బతిమాలె.

నేను ఆపలేదు. ఇంకా గట్టిగా లాగితి. అంగడికి గోడలు కావల్ల గానీ తరిమెనకు రెండు గుంతలు చాలు, జమ్మలమడుగు సంతలో తవ్వుకోవచ్చు, పులివెందులలో తవ్వుకోవచ్చు అనుకుంటా లాగితి. బండాయన చేతులు జోడించలేదు. జోడిస్తాడేమోనని నేను భయపడ్తి, జోడించలేదు.

రేపటికి ఖాళీ చేయమని పెద్దాయన అనె.

"రేపెందుకు సామీ, ఈ కట్టె అయిపోతానే లేస్తాం" అంటి తాడు లాగుతానే.

కట్టె ఎంతసేపట్లో అయిపోతుందో చూస్తానని ఆయన ఆడనే నిలబడె. మా ఆయన నా పక్క చూసేది మానుకోని తల దించె. నోట్లో పైపు నుంచి పొగ గుప్పున వచ్చె. రోజూ గబగబా ముగించే ముక్కను ఆ పొద్దు మెల్లగా, ఒక్కొక్క పొరా తీసుకుంటా, శానా శానాసేపు చెక్కె.