వాడి తల మీద పోసిన నీళ్లు

మా చర్చి విచారణలో, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం ఆదివారాలు ఎవరూ ఇంటిపట్టున ఉండేవాళ్లం కాదు. పూజ కాగానే ఫాదర్ ఇద్దరిద్దరిని జతచేసి, జతకో వీధి అప్పగించేవారు. సువార్త చెప్పడానికి సిస్టర్లు కాదు, సంసారులే వెళ్లాలని ఆయన పట్టుదల. పెళ్లయి పాశమైలారం వచ్చిన మూడో ఏట నాకు, ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశిగారి భార్య జతపడింది. అందరం ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవాళ్లం. అప్పటికి నా పాపకు పది నెలలు. దాన్ని మా ఆయనకు అప్పగించి వెళ్లేదాన్ని. తిరిగినంతసేపూ నా మనసు ఇంటి దగ్గరే ఉండేది.

మాకు పడింది మందుల ఫ్యాక్టరీ గోడ వెనక రేకుల గదుల వరుస. గాలి ఇటు తిరిగిందంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాల్సిందే.

"పోలియో చుక్కలా అక్కా? మొన్ననే ఏసిండ్రు గద!" అంది మొదటి గది ఆవిడ.

"చుక్కలు గాదు బిడ్డా, మీ ఇంట్ల జెర ప్రార్థన జేస్తం," అంది పెద్దమ్మ.

"ఐతారం గూడ డ్యూటీయేనా మీకు? ఓటీ గిట్ల ఇస్తడా మీ దేవుడు?" లోపలి నుంచి మగగొంతు. నవ్వులు. తలుపు మూసుకుంది. అలా వరుసంతా మూసుకున్నాయి.

చివరి గది ఒక్కటే తెరుచుకుంది. జోగిపేట దగ్గరి ఊరి పిల్ల. ఇరవై ఏళ్లుంటాయేమో. భర్త ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఒడిలో ఎనిమిది నెలల కొడుకు. "మాకు మా ఎల్లమ్మ ఉన్నదక్కా, అయినా కూసోండ్రి, మాట్లాడనీకి మనిషి లేదు," అని చాప పరిచింది. తర్వాతి మూడు ఆదివారాలూ అక్కడే ఎక్కువసేపు కూర్చున్నాం. నా పాపకు పళ్లొచ్చాయా అని ఆమె అడిగేది. వాడు నా మెడలోని జపమాల పట్టి లాగేవాడు.

ఐదో ఆదివారం మేం వెళ్లేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. పొద్దుట్నుంచి వాడికి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. మెడ నిలపడం లేదు.

"అక్కా, జెర పట్టుకో. ఫ్యాక్టరీ గేటు కాడికి పోయి మా ఆయనకు జెప్పి, ఆటో తోల్కొని జల్దీ వస్త," అని వాడిని నా చేతుల్లో పెట్టి పరిగెత్తింది.

ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు, ఫాదర్ అందుబాటులో లేకపోతే, ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. సత్యోపదేశం తరగతిలో మాకు చిన్నప్పుడే నేర్పారు. తల మీద నీళ్లు పోసి ఆ మాటలు పలికితే చాలు.

పెద్దమ్మ వాడి ముఖంలోకి వంగి చూసింది. "నువ్వు సదువుకున్నదానివి. సూసి జెప్పు. బతుకుతడా?"

"లేదు పెద్దమ్మా," అన్నాను.

ఆ మాట అంత తొందరగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నేను బీఎస్సీ చదివాను. విరేచనాలైన పిల్లలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టాలని పరీక్షలో రాశాను. గట్టిగా నడిస్తే పెద్దరోడ్డు ఐదు నిమిషాలు. అక్కడ లారీలు, ఆటోలు ఆగుతూనే ఉంటాయి. ఇవేవీ నాకు తట్టలేదు. ఆ నీళ్లు పోయాలంటే ముందు వాడు బతకడని నమ్మాలి. నేను నమ్మేశాను.

"నేను పట్టుకుంట. నువ్వే పొయ్యి," అని పెద్దమ్మ వాడిని తీసుకుంది. తల్లి వచ్చాక ఆమెకు చెప్పి చేద్దామా అన్నాను. "వద్దనదా? గప్పుడేం జేస్తవ్?" అంది. బిందెలోంచి గ్లాసెడు నీళ్లు ముంచి, ముమ్మారు పోశాను. పిత, పుత్ర, పవిత్రాత్మల నామమున అన్నాను. ఒక పునీతుడి పేరు పెట్టాను. నీళ్లు కణత మీదుగా జారి పెదవుల దాకా వచ్చాయి. వాడు నాలుక చాపి చప్పరించాడు.

వాడు చప్పరించడం చూశాను. గ్లాసులో ఇంకా సగం నీళ్లున్నాయి. గ్లాసు కిందపెట్టి, కొంగుతో వాడి తల తుడిచాను.

పావుగంటకు ఆటో వచ్చింది. దాంట్లోనే, ఆసుపత్రి చేరకముందే వాడు పోయాడని మర్నాడు తెలిసింది.

పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పాను. "మోక్షం చేరాడమ్మా, నువ్వు చేసింది పుణ్యమే," అన్నారు. విచారణ పుస్తకంలో వాడిని రాసుకున్నారు. వాళ్లమ్మకు తెలియని పేరు అందులో ఉంది.

ఈస్టర్ వెళ్లాక ఆమె ఊరి నుంచి తిరిగొచ్చిందని విని, పెద్దమ్మా నేనూ వెళ్లాం. నిజం చెప్పేయాలనే వెళ్లాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"వాని తల తడిగుండెనక్కా. నువ్వేనా తడిపింది?"

"జ్వరముండె చెల్లె. తడిగుడ్డతోని తుడిసిన."

"సల్లగ చేసి పంపినవ్." నా చేయి ఇంకా దగ్గరికి లాక్కుంది. "మీ దేవునికి మొక్కితివా అక్కా, వాడు బతకాలని?"

ఆ గదిలో నేను వాడి ఆత్మ కోసం అన్ని మాటలూ పలికాను. బతకాలని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

"మొక్కిన," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. మాకంటే ముందు నడిచి, వరుసలోని ప్రతి తలుపూ తానే తట్టింది. "గీ అక్కనే నా కొడుకు కోసం మొక్కింది. లోపలికి పిలువుండ్రి," అని అందరికీ చెప్పింది. ఓటీ అని నవ్వినతను కుర్చీ తుడిచి వేశాడు. అతని భార్య నాకు గ్లాసుతో నీళ్లిచ్చింది. పెద్దమ్మ ముఖం వెలిగిపోతోంది.

ఆ రోజు ఆ వరుసలో ఒక్క తలుపు కూడా మూసుకోలేదు.